విజయనగరంలో అద్దెకు దిగేముందు మీటరు చూడండి

కంటోన్మెంట్‌లో అద్దె ఎక్కువని గాజులరేగ వైపో, రింగురోడ్డు అవతలికో వెళ్లాలనుకుంటే ముందు దారి ఖర్చు కూడండి. ఆటోకు రానూపోనూ రోజుకు 40 రూపాయలైతే 26 రోజులకు 1,040. అద్దెలో మిగిలేది అంతకన్నా తక్కువైతే మారి లాభం లేదు.

అసలు దెబ్బ తగిలేది కరెంటు దగ్గర. రెండు పోర్షన్లకు ఒకే మీటరు ఉండి, బిల్లు చెరిసగం అంటే ఒప్పుకోకండి. 2022లో వచ్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75 రూపాయలు. మీరు 100 యూనిట్లే వాడితే సొంత మీటరు మీద కరెంటు చార్జీ 304.50. పక్కవాళ్లు ఏసీ వేసి 250 కాల్చారనుకోండి, కలిపి 350 యూనిట్లకు 2,110 దాటుతుంది. సగమంటే మీ వంతు 1,055! యూనిట్ల లెక్కన పంచినా 603 పడుతుంది. ఇది ఎవరి మోసమూ కాదు, మొత్తం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది, అంతే. అందుకే విడి మీటరున్న ఇల్లు అద్దె మూడు వందలు ఎక్కువైనా నయం.

సబ్‌మీటరు ఉందంటే పరీక్షించండి. మీ పోర్షన్ మెయిన్ ఆపేసి, ఓనరుగారిని బోరు మోటారు, మెట్ల లైటు వేయమనండి. మీ మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటే ఆ కరెంటు మీ ఖాతాలోకే పోతోందన్నమాట. ఒక హెచ్‌పీ మోటారు గంట తిరిగితే సుమారు ఒక యూనిట్. కొళాయి నీళ్లు ఏ వేళకు, ఎంతసేపు వస్తాయో ఓనరుని కాకుండా పక్కింటివాళ్లని అడగండి.

ఇంటి పైకప్పు శ్లాబు మూలల్లో గోధుమరంగు చారలుంటే కర్రతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే లోపల ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, పెచ్చులు వదులవుతున్నాయని. కొత్త సున్నం దాన్ని దాచగలదు కానీ ఆపలేదు. తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు లోపలే బాగు చేయించమనండి.

ప్రభుత్వం పట్టణ పేదల కోసం కట్టించిన టిడ్కో ఇల్లు అద్దెకుందని ఎవరైనా అంటే తొందరపడకండి. ఆ 300, 365, 430 చదరపు అడుగుల ఫ్లాట్లు లబ్ధిదారులు కాపురం ఉండడానికి ఇచ్చినవి. ఇబ్బంది వస్తే మీ అడ్వాన్సుకు దిక్కుండదు.

కాగితం రాసేటప్పుడు అడ్వాన్సు ఎంత, ఖాళీ చేశాక ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, రంగులకు ఎంత పట్టుకుంటారు అన్నవి అంకెల్లో ఉండాలి. నోటీసు గడువు రాసుకోకపోతే నెలవారీ అద్దెకు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజులే. పిల్లల బడి ఉన్నవాళ్లకు అది చాలదు, రెండు నెలలు రాయించుకోండి. దిగిన రోజు మీటరు రీడింగ్ ఓనరుగారి ఎదుటే ఫొటో తీసి ఆయనకు వాట్సాప్ చేయండి.