బూట్ల ఫ్యాక్టరీ ఊరి వాల్‌నట్ రోల్: పిండి రాత్రి, బేకింగ్ పొద్దున

న్యూయార్క్ రాష్ట్రంలో బింగమ్టన్ పక్కనున్న ఎండికాట్, జాన్సన్ సిటీ రెండూ ఎండికాట్-జాన్సన్ బూట్ల కంపెనీ చుట్టూ పెరిగిన ఊళ్ళు. ఇళ్ళు కట్టించింది కంపెనీయే, వైద్యం కంపెనీదే, పార్కులూ కంపెనీవే. 1920ల్లో దాదాపు 20 వేల మంది అందులో పనిచేసేవారు, వాళ్ళల్లో స్లొవాకియా, ఇటలీ, పోలండ్ నుంచి వచ్చిన కుటుంబాలు బోలెడు. బూటు పైభాగం తోలు కుట్టే పని ఎక్కువగా ఆడవాళ్ళది, ఎంత కుడితే అంత కూలి. అలాంటి స్లొవాక్ ఇళ్ళల్లో క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్పనిసరిగా ఉండేది ఒరెఖోవ్నీక్, అంటే వాల్‌నట్ రోల్. ఉద్యోగం చేసేవాళ్ళకి ఇంతకంటే అనువైన పండగ వంట లేదని నా అభిప్రాయం, ఎందుకంటే పిండి రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పడేసి హాయిగా పడుకోవచ్చు.

అర కిలో మైదాలో 150 గ్రాముల వెన్న వేసి చేత్తో బాగా నలపండి. 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 50 గ్రాముల పంచదార, చిటికెడు ఉప్పు, మూడు గుడ్ల పచ్చసొన, 100 గ్రాముల గట్టి పెరుగు (అసలైతే సోర్ క్రీమ్, మన పెరుగు గుడ్డలో వడకట్టినా చాలు), గోరువెచ్చని పాలు అర కప్పుకి కొంచెం తక్కువ కలిపి, మెత్తగా అయ్యేదాకా పిసికి, మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి.

పొద్దున 400 గ్రాముల వాల్‌నట్స్ పొడి కొట్టండి. మిక్సీ ఆగి ఆగి తిప్పాలి, ఒకేసారి తిప్పారంటే నూనె వదిలి ముద్దైపోతుంది. అందులో 150 గ్రాముల పంచదార, అర కప్పు వేడి పాలు, ఒక చెంచా వెన్న కలిపితే బొబ్బట్ల పూర్ణం కంటే కాస్త పలచగా రావాలి. చల్లారనివ్వండి, వేడిగా రాస్తే పిండిలో వెన్న కరిగి అంతా జారుతుంది.

పిండిని నాలుగు భాగాలు చేసి ఒక్కోదాన్ని పావు అంగుళం మందాన పొడవుగా ఒత్తి, అంచులు వదిలి పూర్ణం రాసి చుట్టండి. రోల్ పగలడమే అందరికీ టెన్షన్. బిగించి చుట్టినా, పూర్ణం ఎక్కువైనా పగులుతుంది, అందుకని వదులుగానే చుట్టి, అతుకు కిందికి పెట్టి, అరగంట ఆగి, పైన గుడ్డు సొన రాసి, ఫోర్క్‌తో అక్కడక్కడా లోతుగా గుచ్చండి, ఆవిరి బయటికి పోతుంది. 175 డిగ్రీల దగ్గర 35 నిమిషాలు, రంగు చూసుకుంటూ.

పూర్తిగా చల్లారాకే కోయండి. మిగిలిన రోల్స్ కోయకుండా ఫాయిల్ చుట్టి ఫ్రీజర్‌లో పెడితే నెల దాకా బాగుంటాయి.