కుష్ఠును గుర్తుపట్టడం – 4వ పాఠం: కీళ్లవాతంలా వచ్చినప్పుడు

మచ్చల మీద స్పర్శ చూడటం కిందటి పాఠంలో అయింది. ఈసారి వాపుతో మొదలయ్యే కుష్ఠు. రెండు చేతుల కణుపులూ వాచి, జ్వరం తగిలి, పిడికిలి బిగించలేకపోతే మనవైపు జనం పుత్తూరు కట్టుకైనా పోతారు, వాతం మాత్రలైనా మింగుతారు. అది కుష్ఠు రియాక్షన్ (కుష్ఠు క్రిముల మీద ఒంటి రోగనిరోధక శక్తి ఎదురుతిరిగి హఠాత్తుగా వచ్చే వాపు) కావచ్చన్న అనుమానం మీకే రావాలి.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ (కీళ్లవాతం కోసం చేసే రక్తపరీక్ష) పాజిటివ్ అని రిపోర్టులో ఉన్నా కీళ్లవాతమని తేల్చేయకండి. కుష్ఠులోనూ అది పాజిటివ్ రావచ్చు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రతో తగ్గిందన్న మాటా సాక్ష్యం కాదు, రియాక్షన్ వాపూ దానికే తగ్గుతుంది. మాత్ర ఆపాక వాపు తిరగబెడుతుంది, ఈలోగా నరం పాడవుతుంది.

అందుకే మోచేతి నరం పట్టి చూడాలి. రోగిని ఎదురుగా కూర్చోబెట్టండి. కుడిచేయి చూసేటప్పుడు మీ కుడిచేత్తో అతని మణికట్టు పట్టుకుని మోచేతిని కొంచెం వంచండి. మోచేతి లోపలివైపు పొడుచుకొచ్చిన ఎముక వెనకాల గాడి ఉంటుంది. మీ ఎడమచేతి వేళ్ల మెత్తటి భాగాన్ని అందులో పెట్టి అడ్డంగా కదపండి. తాడులా జారేదే అల్నార్ నరం. దాన్ని నాలుగైదు సెంటీమీటర్లు పైకి తడుముతూ వెళ్లండి, లావు తరచుగా గాడికి కాస్త పైనే దొరుకుతుంది. రెండో చేతితో పోల్చండి. మీ చూపు రోగి ముఖం మీదే ఉండాలి, నొప్పి ముందు అక్కడ కనబడుతుంది. గట్టిగా నొక్కితే ఎవరికైనా చిటికెనవేలి దాకా జివ్వుమంటుంది, దాన్ని జబ్బనుకోవద్దు. ముందు ఇంట్లోవాళ్ల చేతుల మీద సాధన చేయండి. మామూలు నరం ఎంతుంటుందో వేళ్లకు తెలియకుండా లావైనది తెలియదు.

తర్వాత కళ్లు మూయించి, బాల్‌పెన్ కొనతో చిటికెనవేలినీ దాని కింది అరచేతి అంచునూ తాకండి. చర్మం చిన్నగా నొక్కుకుంటే చాలు, గీయకూడదు. తాకిన చోటు రెండో చేత్తో చూపించమనండి. చిటికెన, ఉంగరపు వేళ్లు ముడుచుకుని ఉంటే మెల్లగా చాపి చూడండి: కుష్ఠు తొలిదశలో చాచుకుంటాయి, ముదిరిన కీళ్లవాతంలో కీలే బిగుసుకుంటుంది. చెవితమ్మెలు మందమెక్కాయా, కనుబొమలు రాలాయా, ఒంటిమీద నొప్పెట్టే ఎర్రటి గడ్డలున్నాయా అన్నదీ చూడండి.

నరం లావై స్పర్శ తగ్గితే ఆలస్యం చేయకుండా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపండి. తిరుపతి దగ్గరివాళ్లయితే రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికీ వెళ్లవచ్చు. తిమ్మిరి ఎప్పుడు మొదలైందో చీటీలో తప్పక రాయండి: 6 నెలలు దాటకముందే స్టెరాయిడ్ మొదలుపెడితే నరం కోలుకునే అవకాశం ఎక్కువ. ఎండీటీ (కుష్ఠుకు కొన్ని మందులు కలిపి ఇచ్చే చికిత్స) మందు ఉచితం. రియాక్షన్ వచ్చిందని దాన్ని ఆపకూడదు.

వచ్చే పాఠం: మోకాలి పక్క నరం, నొప్పి లేకుండా వాచే చీలమండ.