కేతిగాణ్ణి కంప్యూటర్‌లో ఆడించడం: కటౌట్ యానిమేషన్ పద్ధతి

కటౌట్ అనగానే మనకు సినిమా హాలు ముందు పాలాభిషేకం చేయించుకునే నిలువెత్తు హీరో బొమ్మ గుర్తుకు వస్తుంది గానీ, యానిమేషన్‌లో ఆ మాటకు అర్థం వేరు. ఒక పాత్రను తల, మొండెం, దండచేయి, ముంజేయి, తొడ, పిక్క అంటూ ముక్కలుగా విడదీసి, ఆ ముక్కలను కీళ్ల దగ్గర కలిపి, ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయకుండా ఉన్న ముక్కలనే తిప్పుతూ జరుపుతూ కదలిక పుట్టించడాన్ని కటౌట్ యానిమేషన్ అంటారు. మన తోలుబొమ్మలాటలో తరతరాలుగా జరుగుతున్నది ఇదే పని. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలును పలుచగా చేసి, ముక్కలు కోసి, రంగులద్ది, కీళ్ల దగ్గర దారంతో ముడివేసి బొమ్మను తయారు చేస్తారు. అందుకే ఈ పద్ధతిని వివరించడానికి తోలుబొమ్మలాటలోని హాస్యపాత్ర కేతిగాణ్ణే తీసుకుంటున్నాను. అతడు పక్కకు తిరిగి నిలబడి, చెయ్యెత్తి, ఆ ఆటలోనే మరో హాస్యపాత్ర అయిన బంగారక్కను పిలవాలి. మొదటి ప్రయత్నానికి ఇంతకన్నా పెద్ద పని పెట్టుకోవద్దని నా సలహా.

ఇందుకు రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలు. బొమ్మ గీయడానికి క్రిటా, ఆడించడానికి ఓపెన్‌టూంజ్. ఇటలీలో పుట్టిన టూంజ్ అనే వాణిజ్య సాఫ్ట్‌వేర్‌ను 2016లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసినప్పుడు దానికి ఓపెన్‌టూంజ్ అని పేరు పెట్టారు. మోహో, టూన్‌బూమ్ హార్మొనీ వంటి డబ్బు చెల్లించి వాడే సాఫ్ట్‌వేర్లలో కొన్ని పనులు సులువవుతాయి గానీ, సూత్రం అన్నింటిలోనూ ఒక్కటే కనుక ఇక్కడ నేర్చుకున్నది ఎక్కడికి వెళ్లినా పనికి వస్తుంది.

ముందుగా క్రిటాలో కేతిగాణ్ణి ఒకే బొమ్మగా, చేతులు ఒంటికి అంటుకోకుండా కాస్త ఎడంగా ఉండే భంగిమలో గీయండి. చివరి వీడియో 1920×1080 పిక్సెళ్లలో ఉంటుందనుకుంటే బొమ్మ ఎత్తు వీడియో ఎత్తుకు రెట్టింపు, అంటే సుమారు 2160 పిక్సెళ్లు ఉండేలా చూసుకోవాలి. లేకపోతే దగ్గరి షాట్‌లో ముఖం మసకబారిపోతుంది. ఆ బొమ్మను అడుగున ఉంచి, దాని పైన ఒక్కొక్క భాగాన్నీ వేర్వేరు లేయర్ల (ఒకదానిపై ఒకటి పరిచిన పారదర్శక కాగితాల వంటి పొరల) మీద తిరిగి గీయాలి. తల, కన్ను, నోరు, మొండెం కలిసి నాలుగు. రెండేసి చొప్పున దండచేతులు, ముంజేతులు, అరచేతులు, తొడలు, పిక్కలు, పాదాలు కలిసి పన్నెండు. మొత్తం 16 ముక్కలు.

ఏ బొమ్మ బాగా ఆడుతుందో, ఏది ఆడదో ఈ కోత దగ్గరే తేలిపోతుంది. నేను మొదట చేసిన బొమ్మలో దండచేతినీ ముంజేతినీ మోచేతి దగ్గర కత్తిరించినట్టు అడ్డంగా కోశాను. చేయి మడిచిన మరుక్షణం మోచేతి బయటి వైపు ముక్కోణం ఆకారంలో ఖాళీ తెరుచుకుంది. అప్పటికే వేసిన కదలికలన్నీ పక్కన పెట్టి మళ్లీ కోయవలసి వచ్చింది. ఈ అవస్థ తప్పాలంటే కీలు దగ్గర రెండు ముక్కల చివరలూ ఒకే వృత్తంతో ముగియాలి. మోచేతి దగ్గర చేయి వెడల్పు 120 పిక్సెళ్లయితే, అంతే వ్యాసం గల వృత్తాన్ని అక్కడ గీసి, దండచేయి కింది అంచును, ముంజేయి పై అంచును ఆ వృత్తపు గుండ్రదనానికి సరిపెట్టండి. రెండు ముక్కలూ ఆ వృత్తమంతా ఒకదానిపై ఒకటి పడి ఉండాలి. వృత్తకేంద్రమే ఇరుసు కావాలి. అప్పుడు ముంజేతిని ఎటు తిప్పినా గుండ్రం మీద గుండ్రమే కదులుతుంది కనుక ఖాళీకి ఆస్కారం ఉండదు.

ఇందులో ఒక చిక్కు ఉంది. బొమ్మకు నల్లని అంచుగీత ఉన్నట్లయితే, పైన ఉన్న ముక్క గుండ్రపు గీత చేతికి అడ్డంగా తీగ చుట్టినట్టు కనిపిస్తుంది. పై ముక్క గుండ్రం మీద, కింది ముక్కతో కలిసే అర్ధభాగంలో గీతను చెరిపివేసి రంగును మాత్రం ఉంచితే ఆ తీగ మాయమవుతుంది. రాజుల పాత్రలకైతే ఈ శ్రమ తక్కువ. భుజకీర్తులు, కడియాలు అతుకులను కప్పేస్తాయి. ఒంటి మీద నగల్లేని కేతిగాడి దగ్గరే మన పనితనం బయటపడుతుంది.

చేయి వెనుక దాగి ఉండే మొండెం భాగానికీ, తల కింద దాగే మెడకూ కూడా పూర్తిగా రంగు వేయడం మరచిపోవద్దు. చేయి పైకి లేచినప్పుడు అవన్నీ బయటికి వస్తాయి. అలాగే, తోలు మీద వెలుగు పడినట్టు కనిపించాలన్న ఆశతో ముక్కలను సగం పారదర్శకంగా చేయకండి. అసలు తోలుబొమ్మలో రెండు తోళ్లు కలిసే చోట నల్లబడటం అందంగానే ఉంటుంది గానీ, కంప్యూటర్‌లో ప్రతి కీలు దగ్గరా ముదురు మచ్చలు పడి బొమ్మ గాయపడినట్టు ఉంటుంది. ముక్కలను నిండు రంగులతోనే ఉంచి, దీపపు వెలుగును నేపథ్యంలో చూపించడం మేలు.

పని పూర్తయ్యాక లేయర్లకు ఆంగ్ల అక్షరాల్లో చిన్న పేర్లు పెట్టి, ఫైలును, లేయర్లను విడివిడిగా నిలుపుకునే పీఎస్‌డీగా భద్రపరచండి. ఓపెన్‌టూంజ్‌లో దానిని తెరిచేటప్పుడు లేయర్లను ఏ విధంగా తీసుకోవాలో అడుగుతుంది. కాలమ్స్ అన్న ఎంపికను తీసుకుంటే ఒక్కొక్క లేయరూ ఒక్కొక్క నిలువు వరుసగా, ఏ ఫ్రేములో ఏ బొమ్మ కనిపించాలో చూపే పట్టిక అయిన ఎక్స్‌షీట్‌లోకి వస్తుంది. బొమ్మ చీమంత చిన్నదిగానో, తెరను మించిపోయేలాగానో కనిపిస్తే కంగారు పడనవసరం లేదు. చాలాసార్లు క్రిటాలో పెట్టిన డీపీఐకీ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో చెప్పే సంఖ్య), ఓపెన్‌టూంజ్ కెమెరా డీపీఐకీ పొత్తు కుదరకపోవడమే దానికి కారణం. రెండింటినీ సమానం చేస్తే సరిపోతుంది. ఎక్స్‌షీట్‌లో కుడివైపు వరుస పైన, ఎడమవైపు వరుస అడుగున కనిపిస్తాయి కనుక మనకు దూరంగా ఉన్న చేతిని ఎడమ చివరా, దగ్గరగా ఉన్న చేతిని కుడి చివరా ఉంచాలి.

ఇక అతకడం. హుక్ టూల్ తీసుకుని ముంజేయి మీద, వృత్తకేంద్రం ఉన్న చోట ఒక కొక్కెం పెట్టండి. దండచేయి మీద అదే బిందువు దగ్గర మరొకటి పెట్టండి. తరువాత స్టేజ్ స్కీమాటిక్ అనే పటంలో ముంజేయి గడిని దండచేయి గడికీ, దండచేతిని మొండానికీ, అరచేతిని ముంజేతికీ గీతలతో కలపాలి. గడుల పక్కన కనిపించే చిన్న పోర్టును పట్టి పైకో కిందికో లాగితే ఏ కొక్కెం దగ్గర కలవాలో ఎంచుకోవచ్చు. ఇంట్లో పెద్ద కదిలితే పిల్లలు వెంట నడిచినట్టు, మొండెం వంగితే చేతులు, తల వాటంతట అవే వెంట వస్తాయి. చేయి కదిలినంత మాత్రాన మొండెం కదలదు. అన్నీ కలిపాక ప్రతి కీలునూ రెండు వైపులా వీలైనంత తిప్పి చూడండి. ఎక్కడైనా అతుకు బయటపడితే ఇప్పుడే క్రిటాకు తిరిగి వెళ్లాలి. బాగా కుదిరిన బొమ్మ మొత్తాన్ని కొలాప్స్ అన్న ఆదేశంతో ఉప ఎక్స్‌షీట్‌గా మడిచిపెట్టుకుంటే, తరువాత దానిని ఒకే వస్తువులా తెర మీద అటూ ఇటూ జరపవచ్చు, పెంచవచ్చు, తగ్గించవచ్చు. పంచె కుచ్చెళ్ల వంటి మెత్తని భాగాలను వంచడానికి ప్లాస్టిక్ టూల్ ఉంది గానీ, మొదటి బొమ్మకు దాని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఆడించేటప్పుడు కొత్తవారు చేసే పొరపాటు, అన్ని కీళ్లనూ ఒకేసారి కదిలించి ఒకేసారి ఆపడం. అప్పుడు బొమ్మ కవాతు చేస్తున్నట్టు ఉంటుంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన కేతిగాడు చెయ్యెత్తే విధానాన్ని ఇలా వేసి చూడండి. మొదటి 4 ఫ్రేముల్లో దండచేయి ఎత్తవలసిన దిశకు వ్యతిరేకంగా కాస్త కిందికి, వెనక్కి వెళ్లాలి. తరువాతి 8 ఫ్రేముల్లో పైకి లేచి, ఆగవలసిన చోటును కొద్దిగా దాటాలి. ఆ పైన 3 ఫ్రేముల్లో వెనక్కి సర్దుకోవాలి. ముంజేయి ఇదంతా 2 ఫ్రేములు ఆలస్యంగా, అరచేయి మరో 2 ఫ్రేములు ఆలస్యంగా చేయాలి. కీ ఫ్రేములు (భంగిమ మారే చోట్ల మనమే నిర్ణయించే ఫ్రేములు) పెట్టాక ఫంక్షన్ ఎడిటర్‌లో మధ్య వేగాన్ని లీనియర్ (ఒకే వేగం) నుండి ఈజ్ ఇన్, ఈజ్ అవుట్‌కు మారిస్తే కదలిక నెమ్మదిగా మొదలై నెమ్మదిగా ఆగుతుంది. చెయ్యి లేచి నిలిచాక కనీసం అర సెకను పాటు మిగతా ఒంటిని కదిలించకండి. తోలుబొమ్మలాటలో మాట్లాడే బొమ్మే ఊగుతుంది, వినే బొమ్మ నిలిచి ఉంటుంది. ప్రేక్షకుడి చూపు ఎక్కడ ఉండాలో ఆ నిశ్చలతే చెబుతుంది.

తోలుబొమ్మకు లేని సౌకర్యం ఒకటి మనకుంది: నోటిని మార్చడం. నోటికి ఒకే బొమ్మ కాక ఏడు బొమ్మలు గీసి, పేరు తరువాత చుక్క, ఆపై 0001, 0002 అంటూ నాలుగంకెల సంఖ్య వచ్చేలా పీఎన్‌జీలుగా భద్రపరిస్తే ఓపెన్‌టూంజ్ వాటన్నింటినీ ఒకే బొమ్మల కట్టగా, అంటే ఒకే లెవెల్‌గా గుర్తిస్తుంది. ఏ ఫ్రేములో ఏ నోరు కావాలో ఎక్స్‌షీట్‌లో ఆ సంఖ్య వేస్తే చాలు. ఇంగ్లీషు పాఠాల్లో ఇచ్చే నోటి పట్టికలను యథాతథంగా వాడటం కన్నా మన ఉచ్చారణను బట్టి ఎంచుకోవడం నయం: ప, బ, మలకు మూసిన పెదవులు, అ, క, గలకు కొద్దిగా తెరిచినది, ఆ కారానికి బాగా తెరిచినది, ఇ, ఎలకు సాగినది, ఉ, ఒలకు ముందుకు పొడుచుకు వచ్చినది, త, న, ర, లలకు నాలుక కనిపించేది, వకు కింది పెదవి పై పళ్లను తాకేది.

‘బంగారక్కా!’ అన్న పిలుపు ఒక సెకను పట్టిందనుకుందాం. ‘బ’కు 2 ఫ్రేములు మూసిన పెదవులు, దాని అచ్చుకూ సున్నకూ కలిపి 4 ఫ్రేములు కొద్దిగా తెరిచిన నోరు, ‘గా’కు 6 ఫ్రేములు బాగా తెరిచిన నోరు, ‘ర’కు 2, ఒత్తు దగ్గర ఊపిరి నిలిచినట్టు 3 ఫ్రేములు కొద్దిగా తెరిచిన నోరు, చివరి ‘ఆ’కు 7, మొత్తం 24. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక మాట అయిపోగానే నోటిని టక్కున మూయకూడదు. మరో 3 ఫ్రేములు కొద్దిగా తెరిచి ఉంచి ఆ తరువాత మూస్తే గొంతుకూ నోటికీ పొత్తు కుదురుతుంది. పెదవులు మూసుకునే అక్షరాలను మాత్రం శబ్దం కన్నా ఒక ఫ్రేము ముందే పెట్టండి. అవి తప్పితే ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు. మిగతావి కొంచెం అటూ ఇటూ అయినా క్షమిస్తాడు.

చివరిగా అవుట్‌పుట్ సెట్టింగ్స్‌లో ఫ్రేముల వేగం 24గా ఉందో లేదో చూసుకుని రెండర్ చేయాలి, అంటే ఫ్రేములన్నింటినీ తుది రూపంలో బయటికి తీయాలి. నేరుగా ఎంపీ4 రావాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ అవసరం అవుతుంది. అయినా నేను ఎప్పుడూ పీఎన్‌జీల వరుసగానే తీసి, తరువాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో గొంతుతో కలుపుతాను. మధ్యలో కరెంటు పోయినా అప్పటిదాకా తయారైన ఫ్రేములు చేతిలో ఉంటాయి, ఆగిన ఫ్రేము నుండే తిరిగి మొదలుపెట్టవచ్చు. కదలికలేవీ వేయని, కీళ్లు మాత్రం అతికిన కేతిగాడి ఫైలును వేరే పేరుతో ఒక ప్రతి తీసి పెట్టుకోండి. రేపు బంగారక్క వచ్చి అతణ్ణి చీపురుతో తరమవలసిన దృశ్యానికి అక్కడి నుండే మొదలుపెట్టాలి.