పాదరసం ఎటు పోతోంది? ఒక దేశపు వ్యాపార లెక్క తేల్చే పద్ధతి

పాదరసం నియంత్రణ మీద ఒక దేశ ప్రభుత్వానికి సలహా నివేదిక రాసే పని చేతికొస్తే, చాలామంది చట్టం ముసాయిదాతో మొదలుపెడతారు. ముందు తేల్చాల్సింది లెక్క. దేశంలోకి ఎన్ని కిలోలు వచ్చింది, అనుమతి ఉన్న వాడకానికి ఎంత పోయింది, మిగిలింది ఎటు వెళ్లింది? చిన్న తరహా బంగారు గనులున్న దేశాల్లో ఆ మిగులు ఎక్కువగా గని గుంటల దగ్గరే తేలుతుంది, ఖనిజంలోని బంగారాన్ని పట్టుకోవడానికి అక్కడ పాదరసం కలుపుతారు. ఈ లెక్క లేని నివేదిక ఓడరేవులో కస్టమ్స్ అధికారికి గానీ, ఖనిజం కడిగే కార్మికుడికి గానీ ఉపయోగపడదు.

పాదరసం నియంత్రణకు దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం మొత్తం చదవాలి కానీ, 3వ అధికరణాన్ని మాత్రం పదం పదం చదవండి. ఒప్పందం 2013 అక్టోబరులో జపాన్‌లో ఆమోదం పొంది, 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. భారత్ 2018 జూన్‌లో ధ్రువీకరించింది. కొత్తగా పాదరసం గనులు తెరవకూడదు. అప్పటికే నడుస్తున్నవి, ఆ దేశానికి ఒప్పందం వర్తించిన రోజు నుంచి 15 ఏళ్లలో మూతపడాలి. అలాంటి గనిలో తీసిన సరుకు బంగారం పనికి వెళ్లకూడదు. మూతపడ్డ క్లోర్-ఆల్కలీ (క్లోరిన్, కాస్టిక్ సోడా తయారుచేసే) ఫ్యాక్టరీల్లో మిగిలిన పాదరసమూ అంతే, దాన్ని వ్యర్థంగా శాశ్వతంగా వదిలించుకోవాలి. అయితే చిన్న తరహా బంగారం తవ్వకం కోసం దిగుమతిని ఒప్పందం పూర్తిగా నిషేధించలేదు. ఈ ఒక్క విషయం సరిగా అర్థం కాక ఎన్నో ముసాయిదాలు దారి తప్పుతాయి.

ఇంకో సందు కూడా ఉంది. ఎగుమతికి ముందస్తు అనుమతి నియమం లోహ పాదరసానికీ, బరువులో కనీసం 95 శాతం పాదరసం ఉన్న మిశ్రమాలకే వర్తిస్తుంది. ఇంగిలీకం, అంటే పాదరసం ముడి ఖనిజం, దాని కిందికి రాదు. ఇంగిలీకాన్ని దిగుమతి చేసుకుని కొలిమిలో కాల్చి పాదరసం తీయడం కష్టమేమీ కాదు. కాబట్టి ముడి ఖనిజానికీ, పాదరసం సమ్మేళనాలకీ దేశీయ చట్టంలోనే లైసెన్సు పెట్టమని మొదటి ముసాయిదాలోనే రాయండి. తర్వాత చేర్చడానికి ఏళ్లు పడుతుంది.

ఇక అంకెలు. ఐక్యరాజ్యసమితి కామ్‌ట్రేడ్ అనే వ్యాపార లెక్కల భాండాగారం నుంచి కనీసం పదేళ్ల సమాచారం దించుకోండి. లోహ పాదరసం హెచ్ఎస్ కోడ్ (కస్టమ్స్ సరుకులను వర్గీకరించే సంఖ్య) 2805.40, సమ్మేళనాలది 2852. ఇంగిలీకం 2617.90లో ఇతర ఖనిజాలతో కలిసిపోయి ఉంటుంది, దాన్ని విడదీయడానికి కస్టమ్స్ వాళ్ల దగ్గరున్న అసలు బిల్లులు చూడాల్సిందే. భారత దిగుమతి పత్రాల్లో లోహ పాదరసం 28054000 కింద కనిపిస్తుంది.

మీ దేశం చెప్పిన దిగుమతి ఒక వరుసలో, ఎదుటి దేశాలు మీకు పంపామని చెప్పిన ఎగుమతి పక్క వరుసలో పెట్టండి. పోల్చాల్సింది బరువు, విలువ కాదు. దిగుమతి విలువలో రవాణా, బీమా కలుస్తాయి, ఎగుమతి విలువలో కలవవు. డిసెంబరులో ఓడ ఎక్కిన సరుకు ఫిబ్రవరిలో దిగుతుంది, కాబట్టి రెండేళ్ల సగటు తీసుకుంటే అబద్ధపు తేడాలు చాలావరకు పోతాయి. తర్వాత ప్రతి వరుసలో విలువను బరువుతో భాగించి కిలో ధర చూడండి. ఒక్క వరుస మాత్రం మిగతావాటికి పదింతలకు మించి ఎక్కువ ఉంటే, ఎవరో ఫ్లాస్కుల (పాదరసం నింపే ఇనుప సీసాల) సంఖ్యను కిలోల గడిలో వేసి ఉంటారు. కొద్దిగా తక్కువ ఉంటే, ఇనుప సీసా బరువు కలిపి ఉంటారు.

ఈ వ్యాపారంలో అసలు కొలత ఫ్లాస్కే. ఒక ఫ్లాస్క్ అంటే 76 పౌండ్లు, 34.5 కిలోలు. పాదరసం నీటికంటే పదమూడున్నర రెట్లు బరువు కాబట్టి అదంతా రెండున్నర లీటర్ల చోటులో పట్టేస్తుంది. టన్ను పాదరసమంటే 29 సీసాలు, సుమారు 74 లీటర్లు. ఒక చిన్న వ్యాన్‌లో ఎవరి కంటా పడకుండా సరిహద్దు దాటుతుంది. కస్టమ్స్ సిబ్బందికి శిక్షణ ఇచ్చేటప్పుడు ఇదే చెప్పండి: పెట్టె చిన్నదై బరువు అసాధారణంగా ఉంటే తెరవాలి. సరుకు సరైన దారిలో వస్తే పత్రాల్లో యూఎన్ 2809 (ప్రమాదకర సరుకుల అంతర్జాతీయ సంఖ్య) అనీ, ప్రమాద తరగతి 8 అనీ ఉండాలి.

అనుమతి ఫారాల దగ్గర పొరపాట్లు ఎక్కువ. ఒప్పంద సభ్య దేశం దిగుమతికి ఇచ్చే అంగీకారం ఎ ఫారం. సభ్యత్వం లేని దేశం ఇచ్చేది బి. సభ్యత్వం లేని దేశం నుంచి వచ్చే సరుకు గనిలోంచి గానీ, మూసేసిన క్లోర్-ఆల్కలీ ఫ్యాక్టరీ నుంచి గానీ రాలేదని ధ్రువీకరించేది సి. డి ఫారం మాత్రం అన్ని దిగుమతులకూ కలిపి ముందే ఇచ్చే సాధారణ అంగీకారం. బంగారు గనులున్న దేశానికి డి ఫారం ఇవ్వమని సలహా ఇవ్వకండి. ప్రతి సరుకుకీ విడిగా ఎ ఫారం ఉంటేనే ఎవరు కొంటున్నారో, దేనికో అడిగే అవకాశం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. సంతకం పర్యావరణ శాఖ పెడుతుంది, సరుకు విడిచేది కస్టమ్స్. ఈ రెండూ ఒకే కంప్యూటర్ వ్యవస్థలో కలవకపోతే ఒకే ఫారం మీద రెండు సరుకులు దిగిపోతాయి.

ఇప్పుడు కూడిక, తీసివేత. లెక్క ఎలా ఉంటుందో చూపడానికి ఒక ఊహా ఉదాహరణ: ఏడాది దిగుమతి 10 టన్నులు. పళ్ల డాక్టర్లు, ప్రయోగశాలలు, బల్బుల తయారీ కలిపి ఇన్‌వాయిసులతో చూపగలిగినది 1.2 టన్నులు. మిగులు 8.8 టన్నులు, అంటే 255 ఫ్లాస్కులు. ఇది గనులకే పోతోందని తేల్చడానికి బంగారం వైపు నుంచి కూడా లెక్క రావాలి. ఖనిజాన్ని ముందుగా కడిగి చిక్కబరిచి, ఆ చిక్కటి ఇసుకలోనే పాదరసం కలిపే చోట గ్రాము బంగారానికి సుమారు 1.3 గ్రాములు పోతుంది. పొడి చేసిన ఖనిజం మొత్తానికి పాదరసం కలిపే చోట 3 నుంచి 5 గ్రాములు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. 8.8 టన్నులను ఈ నిష్పత్తులతో భాగిస్తే 1.3 దగ్గర దాదాపు 6.8 టన్నుల బంగారం, 3 దగ్గర 2.9 టన్నులు వస్తాయి. దేశంలో చిన్న గనుల బంగారం ఉత్పత్తి ఈ హద్దుల్లో ఉంటే లెక్క కుదిరినట్టే. ఉత్పత్తి దానికి మించి చాలా ఎక్కువగా ఉంటే దొంగసరుకు లోపలికి వస్తోంది. చాలా తక్కువైతే పక్క దేశానికి దాటిపోతోంది.

ఈ నిష్పత్తులు కాగితాల్లో దొరకవు, గనుల దగ్గరే కొలవాలి. కలపడానికి ముందు పాదరసాన్ని తూచాలి, పిండిన తర్వాత తిరిగి వచ్చినదాన్ని తూచాలి, పాదరసం, బంగారం కలిసిన ముద్దను కాల్చాక బంగారాన్ని తూచాలి. 0.1 గ్రాము చూపే తక్కెడ చాలు. కాల్చేటప్పుడు గాలి వచ్చే వైపు నిలబడండి, మూసిన గదిలోకి వెళ్లకండి. చేతి ఉంగరాలు ముందే తీసేయండి, పాదరసం తగిలితే బంగారం పాడవుతుంది. అడగాల్సిన మనిషి కార్మికుడి కంటే బంగారం కొనే దుకాణదారు. చాలాచోట్ల అతనే పాదరసం అప్పుగా ఇచ్చి, బంగారం తనకే అమ్మాలని షరతు పెడతాడు. ఆ అప్పు సంగతి తెలియకుండా రాసిన విధానం కార్మికుడికే శిక్ష వేస్తుంది.

విధానంలో వరుస ముఖ్యం. గిరాకీ తగ్గకముందే దిగుమతి ఆపేస్తే సరుకు దారి మార్చుకుంటుంది. పెరూలో 2015 తర్వాత అధికారిక దిగుమతులు దాదాపు నిలిచిపోయాయి, పక్కనున్న బొలీవియాలో పెరిగాయి. కాబట్టి మొదటి ఏడాది డబ్బు షేకింగ్ టేబుళ్లు, కడిగే వాలు బల్లల వంటి పరికరాలకూ, లైసెన్సుతో చట్టబద్ధం చేయడానికీ, బంగారానికి న్యాయమైన ధర ఇచ్చే కొనుగోలు కేంద్రాలకూ పోవాలి. హరిత ఆర్థిక విధానం కార్మికుడి దాకా చేరేది ఇక్కడే. ఫిలిప్పీన్స్‌లోని బెంగెట్‌లో చిన్న గనులవాళ్లు పాదరసం లేకుండా బోరాక్స్ (వెలిగారం)తో నేరుగా కరిగించి బంగారం తీస్తారు. అయితే చిక్కబరిచిన ఇసుక బాగా శుభ్రంగా ఉండాలి. గంధకపు ఖనిజాలు ఎక్కువైతే బంగారం మడ్డిలో చిక్కుకుపోతుంది, కార్మికులు ఒక్కసారి నష్టపోతే మళ్లీ ఆ పద్ధతి ముట్టరు. పరికరం పంచిన చోట కనీసం ఆర్నెల్లు శిక్షకుడు ఉండే ఖర్చు బడ్జెట్లో రాయండి. ఖనిజం మొత్తానికి పాదరసం కలపడం, ముద్దను ఆరుబయట కాల్చడం, ఇళ్ల మధ్య కాల్చడం, పాదరసం తీయకుండానే మట్టికి సైనైడ్ పట్టించడం: జాతీయ కార్యాచరణ ప్రణాళిక ముందుగా ఆపాలని ఒప్పందం చెప్పే నాలుగు పనులివి.

పట్టుబడ్డ పాదరసం ఎక్కడ దాచాలో చాలా నివేదికలు రాయవు. కస్టమ్స్ గిడ్డంగిలో ప్లాస్టిక్ సీసాల్లో మిగిలిన సరుకు మళ్లీ వేలంలో బయటికొచ్చే ప్రమాదం ఉంటుంది. వేలాన్ని చట్టంలోనే నిషేధించండి. మర మూత ఉన్న ఉక్కు సీసాలు, అంచు ఎత్తుగా ఉన్న ఉక్కు పళ్లెం, పగుళ్లు లేని నేల, చల్లటి గది, పైకప్పు దగ్గర కాకుండా నేల దగ్గర గాలి లాగే ఫ్యాను కావాలి. గదిలో అల్యూమినియం సామాను ఏదీ ఉండకూడదు. ప్రతి సీసాకీ నంబరు, బరువు, పట్టుకున్న తేదీ రాసి, నెలకోసారి మళ్లీ తూచి ఇద్దరు సంతకాలు పెట్టాలి.