జొన్నగిరి చేలలో వజ్రాల వేటకు ఆగుతున్నారా? ముందు ఆకాశం చూడండి

హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్లే 44వ నంబరు హైవే మీద కర్నూలు, డోన్ దాటి గుత్తికి వస్తే, అక్కడి నుంచి పత్తికొండ దారిలో కాసేపటి ప్రయాణమే జొన్నగిరి. తొలకరి పడగానే తుగ్గలి మండలంలోని ఈ చేలల్లో, అటు అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు జనం తలవంచుకుని మట్టి వెతుకుతూ కనిపిస్తారు. వాన పైమట్టిని కడిగేస్తే అడుగున ఉన్న రాళ్లు బయటపడతాయి, వాటిలో అప్పుడప్పుడూ వజ్రం ఉంటుంది. ఊరికి పోతూ ఓ పూట ఆగి మనమూ వెతుకుదామనిపించడం సహజం. ఆగండి, కానీ కొన్ని విషయాలు తెలుసుకుని దిగండి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం పిడుగు. వజ్రాలు బయటపడేదీ, పిడుగులు పడేదీ ఒకే కాలంలో. చెట్టూ పుట్టా లేని మైదానంలో నిలబడ్డ మనిషే అక్కడ ఎత్తైన వస్తువు. రెండేళ్ల కిందట మేం చేలో ఉండగా పడమట మబ్బు కమ్మింది. మా మీద ఇంకా ఎండే ఉంది, చినుకు లేదు, ఇంకో పది నిమిషాలు వెతుకుదాం అనుకున్నాం. గట్టు మీద పెద్దాయన ఒకాయన, "పిల్లోళ్లను తీసుకోని కార్లోకి పోండప్పా, మళ్లీ వెతుకుదురుగానీ!" అని గట్టిగా అరిచాడు. కారు తలుపులు వేసుకున్న కాసేపటికే దూరంగా ఉన్న వేపచెట్టు మీద పిడుగు పడింది. అంతకుముందు ఎండకు మేం కూర్చున్నది ఆ చెట్టు కిందే. ఆ పెద్దాయన మాట వినకపోయి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. 30 సెకన్లలోపే వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్లలోపే పడుతున్నట్టు. వెంటనే కారులోకో పక్కా ఇంట్లోకో వెళ్లాలి. అద్దాలు మూసుకుని, లోపలి ఇనుప భాగాలు తాకకుండా కూర్చోండి. చెట్టు కిందా టార్పాలిన్ డేరాల్లో దాక్కోవద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ దిగాలి. ఫోన్లో 'దామిని' యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడుతుంటే చెబుతుంది.

రెండోది, ఆ చేను ఒకరిది. తొలకరికి రైతు దుక్కి దున్ని వేరుశెనగ విత్తే రోజులవి. మొలక రెండాకులు వేసినచోట పది జతల చెప్పులు తిరిగితే ఆ సాలు పోయినట్టే. వేల రూపాయల విత్తనం అది. గట్టు మీద వద్దని బోర్డు ఉంటే, లేదా విత్తనం పడి ఉంటే, అందులో కాలు పెట్టకండి. ఖాళీ చేనైనా రైతును అడిగి, ఏదైనా దొరికితే ఏంటన్నది ముందే మాట్లాడుకోండి. గుంతలు తవ్వకండి. నీళ్ల సీసాలు, బిస్కెట్ కవర్లు మళ్లీ కారులోకే రావాలి.

కాళ్లకు బూట్లు ఉండాలి. వానకు కన్నాల్లోంచి పాములు, తేళ్లు బయటికొస్తాయి. రాయిని చేత్తో కాదు, ముందు కర్రతో తిరగెయ్యండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏదీ చెయ్యొద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. వానల మధ్య ఉక్కపోత విపరీతంగా ఉంటుంది, కాబట్టి టోపీ, నీళ్లు, ఓఆర్‌ఎస్ మర్చిపోవద్దు.

మెరిసే రాయి దొరికితే సుత్తితో కొట్టి చూడకండి. వజ్రం పగలదన్న నమ్మకం తప్పు. దాన్ని గీయడం కష్టమేగానీ సరైన చోట దెబ్బ తగిలితే చీలిపోతుంది. గాజు మీద గీత పడిందని సంబరపడొద్దు, పలుగురాయి కూడా గాజును గీస్తుంది. ముడి వజ్రం గాజులా తళతళలాడదు, నూనె పూసినట్టు జిడ్డు మెరుపుతో ఉంటుంది. అనుమానం ఉంటే చిన్న డబ్బాలో దూదిలో పెట్టి, వజ్రాల గురించి తెలిసినవాళ్లకు చూపించండి. తూకం మన కళ్ల ముందే వేయించుకోండి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములే, అక్కడ చిన్న తేడా కూడా పెద్ద డబ్బే. దారి పక్కన ఎవరైనా "ఇప్పుడే దొరికింది, తక్కువకిస్తా" అంటే కొనకండి. పిల్లలకు మాత్రం పలుగురాళ్లు ఏరుకోనివ్వండి. మా పాప ఏరిన తెల్ల రాయి, ఓ అంచున లేత గులాబి రంగుతో, ఇప్పటికీ కిటికీలో ఉంది.

వాన వదలకపోతే చేలో వేచి ఉండకండి, ఆ దారిలోనే ఎర్రగుడి ఉంది. అక్కడి గుట్ట బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. ఉరుములు పూర్తిగా ఆగాక చూసి వెళ్లొచ్చు. అక్కడి రాళ్లు మాత్రం ఏరొద్దు.

కారు తారురోడ్డు అంచునే ఆపండి, తడిసిన నల్లరేగడిలో దిగబడితే ట్రాక్టరే లాగాలి. బయల్దేరే ముందు డ్రైవర్ బూట్ల అడుగున పేరుకున్న మట్టిని పుల్లతో గీకి, నీళ్లతో కడగాలి. ఆ జిగట మట్టితో బ్రేక్ తొక్కితే కాలు జారుతుంది.