ఫైండరులో బొమ్మ ఎటు తిరిగి ఉంటుంది?

టెలిస్కోపు ప్రధాన గొట్టంలో ఒక్కసారికి కనబడే ఆకాశం తరచుగా ఒక డిగ్రీకి మించదు. పక్కన బిగించిన ఫైండరు అనే చిన్న టెలిస్కోపు ఐదారు డిగ్రీల మేర చూపుతుంది గనుక, వెతికే తారను ముందు అందులో పట్టుకోవాలి. దానిపై 8×50 అని ఉంటే, ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపుతుందనీ, ముందు కటకం వ్యాసం 50 మిల్లీమీటర్లనీ అర్థం.

సర్దుబాటును పగలే ముగించుకోవడం మేలు. విజయనగరంలో గంటస్తంభం, కళింగపట్నంలో దీపస్తంభం వంటి కదలని గురుతును, వీలైతే కిలోమీటరుకు తగ్గని దూరం నుంచి, ప్రధాన గొట్టంలో మధ్యకు తెచ్చి, గొట్టాన్ని కదపకుండా ఫైండరు మరలను తిప్పుతూ దాని అడ్డగీతల కూడలిలోకి తేవాలి. సూర్యుని వైపు మాత్రం ఫైండరునైనా తిప్పరాదు. చూపు శాశ్వతంగా పోవచ్చు.

కొత్తవారిని నిజంగా తికమకపెట్టేది బొమ్మ దిశ. నేరుగా చూసే ఫైండరులోనూ, అద్దాలతో పనిచేసే న్యూటోనియన్ టెలిస్కోపులోనూ బొమ్మ 180 డిగ్రీలు తిరిగి ఉంటుంది కాబట్టి నక్షత్ర పటాన్ని తలకిందులుగా పట్టుకుంటే సరిపోతుంది. చూపును పక్కకు మళ్ళించే డయాగొనల్ అద్దం బిగించిన కటకాల టెలిస్కోపులో పైకిందులు సరిగానే ఉన్నా కుడిఎడమలు తారుమారవుతాయి. అప్పుడు పటాన్ని ఎటు తిప్పినా కుదరదు, అద్దంలో ప్రతిబింబంలా అచ్చయిన పటం కావాలి. బొమ్మను సరైన దిశలో నిలిపే అమిచీ పట్టకమున్న (ప్రిజం) లంబకోణ ఫైండరు ఈ బెడదను తప్పిస్తుంది. కొంత ఖరీదెక్కువైనా కొనదగినదే.

ఏ దిక్కు ఎటుందో సందేహం వస్తే తారల వెంట టెలిస్కోపును తిప్పే మోటారు ఆపి చూడండి: తారలు జారిపోయే అంచు పడమర. శ్రీకాకుళంలో ఉత్తర దిగంతానికి సుమారు 18 డిగ్రీల ఎత్తులో ఉండే ధ్రువ నక్షత్రం వైపు గొట్టాన్ని కొద్దిగా జరిపితే, కొత్త తారలు ప్రవేశించే అంచు ఉత్తరం.