పెన్ ట్యాబ్లెట్‌తో పాత్రలు గీద్దాం - మూడో పాఠం: గొర్లకాపరి నిలబడే తీరు

పోయిన పాఠంలో గీతల సాధన చేశాం, మణికట్టు తిప్పకుండా భుజం నుంచి చెయ్యి కదిపి పొడుగు గీతలు లాగడం. అది రోజూ కాసేపైనా చేసినవాళ్లకు ఈ పాఠం సులువుగా నడుస్తుంది, చెయ్యనివాళ్లు ముందు అది చేసి రండి, తొందరేం లేదు. ఇంకో చిన్న పని కూడా ఉంది. ట్యాబ్లెట్ మీద ఏదన్నా గుండ్రటి మూత పెట్టి దాని చుట్టూ పెన్ తిప్పండి. స్క్రీన్ మీద గుండ్రంగా కాకుండా కోడిగుడ్డులా వస్తే మీ ట్యాబ్లెట్ కొలత, స్క్రీన్ కొలత సరిపోలడం లేదన్నట్టు. డ్రైవర్ (ట్యాబ్లెట్‌ను కంప్యూటర్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగ్స్‌లోకి వెళ్లి పని చేసే ఏరియాను స్క్రీన్ నిష్పత్తికి మార్చండి. ఇది సరిచెయ్యకపోతే మీరు ఎంత సాధన చేసినా చెయ్యికి తప్పుడు అలవాటే పడుతుంది.

ఇవాళ మనిషిని గీస్తాం, కానీ ముఖంతో మొదలుపెట్టం. కొత్తగా నేర్చుకునేవాళ్ల బొమ్మల్లో ఎక్కువగా కనపడేది ఒకటే: కళ్లు ఎంతో శ్రద్ధగా గీస్తారు, కనుపాపలో మెరుపు కూడా పెడతారు, మెడ కింద మాత్రం మనిషి కర్రలా బిగుసుకుపోయి ఉంటాడు. పాత్ర కళ్లలో కంటే ముందు నిలబడే తీరులో ఉంటుందని నా గట్టి నమ్మకం. పాలమూరు వైపైనా నల్గొండ వైపైనా రోడ్డుకు అడ్డంగా గొర్ల మంద వచ్చి బండి ఆపినప్పుడు వెనకాల వచ్చే మనిషిని గమనించండి. ముఖం కనపడకముందే, ఎండలో నల్లటి ఆకారంగా ఉన్నప్పుడే, ఆయన గొర్లకాపరని తెలిసిపోతుంది. భుజాన గొంగడి, చేతిలో కట్టె, ఆ కట్టె మీదికి కొంచెం ఒరిగిన ఒళ్లు. మనం పట్టుకోవాల్సింది ఆ నల్లటి ఆకారాన్నే.

క్రిటా తెరవండి (బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, ఉచితమే, పాత ల్యాప్‌టాప్‌ల మీద కూడా చాలావరకు నడుస్తుంది). 2000 బై 3000 పిక్సెల్స్ ఫైల్ చాలు. గట్టి అంచున్న మామూలు బ్రష్ తీసుకుని, నొక్కితే సైజు మారేలా ఉంచి, ఒపాసిటీ (రంగు ఎంత చిక్కగా పడాలన్నది) మారేది మాత్రం తీసెయ్యండి. రంగు నలుపు. ఇప్పుడు పేజీలో ఓ మూల, స్క్రీన్ మీద బొటనవేలంత ఎత్తులో, మనిషి ఆకారాన్ని నలుపుతో నింపుతూ గీయండి. కళ్లూ లేవు, వేళ్లూ లేవు, మొత్తం నలుపే. పక్కన ఇంకోటి, ఇంకోటి. జూమ్ చెయ్యొద్దు, అన్‌డూ జోలికి పోవద్దు, నచ్చకపోతే దాని పక్కన కొత్తది గీయండి.

కొన్ని గీశాక వెనక్కి జరిగి చూడండి. కట్టెను పొట్ట ముందు పెట్టారా? అయితే అది నలుపులో కలిసిపోయి ఉంటుంది, మనిషి చేతిలో కట్టె ఉన్నట్టే తెలియదు. ఒంటికి దూరంగా జరిపితే చెయ్యికీ నడుముకూ మధ్య ఒక తెల్లటి సందు ఏర్పడుతుంది, ఆ సందుతోనే చెయ్యి చెయ్యిలా కనపడుతుంది. పాత్ర గీసేటప్పుడు గీసిన చోట్ల కంటే ఈ వదిలేసిన చోట్ల మీదే నేను ఎక్కువసేపు కూర్చుంటా, మీరూ కూర్చోండి.

ఇప్పుడు బరువు. ఇది ఈ పాఠంలో అసలు సంగతి, నెమ్మదిగా చదవండి. మనిషి ఒక కాలి మీద బరువు వేసి నిలబడితే ఆ వైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. అద్దం ముందు నిలబడి మీ ఒంటి మీదే చూసుకోండి. గొంతు కింది గుంట నుంచి నిట్టనిలువుగా ఒక గీత దించితే అది బరువు మోసే పాదం దగ్గరికి రావాలి, రాకపోతే చూసేవాడికి ఎందుకో చెప్పలేకపోయినా మనిషి పడిపోతున్నట్టు అనిపిస్తుంది. కాపరి విషయంలో ఒక తేడా ఉంది: కట్టె కూడా బరువు మోస్తుంది. అందుకే ఆయన గొంతు గుంట నుంచి దించిన గీత పాదం మీద కాకుండా పాదానికీ కట్టె మొనకూ మధ్య ఎక్కడో పడుతుంది, ఎంత ఒరిగితే అంత కట్టె వైపుకు. కుడి చేతిలో కట్టె, ఎడమ కాలి మీద బరువు అనుకుందాం. ఎడమ తుంటి పైకి, ఎడమ భుజం కిందికి, కుడి భుజం కట్టె తోపుకు చెవి వైపు కాస్త లేచి ఉంటుంది. ఈ రెండు వాలు గీతలు, భుజాలదొకటి తుంట్లదొకటి, ఎదురెదురు దిక్కులకు వాలాయంటే మీ మనిషి నిలబడ్డట్టే.

నచ్చిన ఆకారాన్ని పెద్దది చేసి, ఆ లేయర్ (అది గీసిన పొర) ఒపాసిటీ 20 శాతానికి తగ్గించి, పైన కొత్త లేయర్ తెరవండి. గీతలు దీని మీద.

గొంగడి దగ్గర చాలామంది చీర మడతల్లాంటివి గీసేస్తారు. గొంగడి అలా పడదు. అది దక్కన్ గొర్ల ఉన్నితో నేసిన మోటు బట్ట, దానికి చింతగింజల గంజి పట్టిస్తారు, అందుకే బిర్రుగా ఉంటుంది. బిర్రుగా ఉన్న బట్ట సన్న మడతలు పడదు, రెండో మూడో పెద్ద మడతలు, అవి కూడా విరిచినట్టు కోణంగా తిరుగుతాయి. భుజం మీద మడిచి వేసుకున్నప్పుడు చూడండి, భుజం గుండ్రానికి అతుక్కోదు, మెడ దగ్గర కొంచెం లేచి నిలబడి మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని ఒక్క ముదురు మరకతో చూపిస్తే గొంగడి మందం మొత్తం తెలిసిపోతుంది. అంచు దగ్గర గీత నున్నగా లాగకండి, పెన్ను కొంచెం వణకనివ్వండి, ఉన్ని అంచు గరుకుగానే ఉంటుంది.

క్రిటాలో బ్రష్ స్మూతింగ్ అని ఉంటుంది, గీతలో వణుకు తగ్గించేది; అందులో బేసిక్, వెయిటెడ్, స్టెబిలైజర్ అని రకాలు. కట్టెకు, గొంగడి పొడుగు అంచుకు వెయిటెడ్ పెట్టుకోండి, మిగతా చిన్న గీతలకు బేసిక్ చాలు. స్టెబిలైజర్ ఎక్కువ పెడితే గీత పెన్ను వెనకాల ఆలస్యంగా వస్తూ మూలల్ని గుండ్రం చేసేస్తుంది, మనకు కావాల్సిన ఆ విరిచిన మడతలే పోతాయి. ట్యాబ్లెట్ డబ్బాల మీద 8192 ప్రెషర్ లెవల్స్ (పెన్ను నొక్కుడులో ఎన్ని తేడాలు పసిగడుతుందన్నది) అని రాస్తారు, దాని గురించి టెన్షన్ వద్దు. డ్రైవర్‌లో ప్రెషర్‌ను కొంచెం మెత్తగా పెట్టుకోండి, గట్టిగా నొక్కే అవసరం తగ్గితే మణికట్టు నొప్పీ తగ్గుతుంది, పెన్ మొన కూడా తొందరగా అరగదు.

కట్టె పట్టిన చెయ్యికి ఐదు వేళ్లూ విడివిడిగా మొదలుపెట్టకండి. నాలుగు వేళ్లు కలిపి ఒక దిమ్మ, బొటనవేలు విడిగా ఇంకోటి. దిమ్మ మీద కణుపుల వరుస కట్టెకు సరిగ్గా అడ్డంగా కాకుండా ఏటవాలుగా ఉండాలి, చూపుడు వేలు పైన, చిటికెన వేలు కిందికి. వేళ్ల మధ్య గీతలు అన్నిటికంటే చివర, అవీ సగం వరకే.

మధ్య మధ్యలో కీబోర్డు మీద ఎం (M) నొక్కండి, బొమ్మ అద్దంలోలా తిరగబడుతుంది, ఏ వైపు ఒరిగిపోయిందో వెంటనే దొరుకుతుంది. ముఖానికి ఇంత దూరం వచ్చాక ఎక్కువ పని మిగలదు. తలపాగా నీడ కళ్ల మీద పడనివ్వండి, ముక్కు, దవడ, మీసం, అంతే.

ఇంటి పని: మీ దగ్గర్లో వారం అంగడి జరిగే రోజు వెళ్లి ఓ చోట నిలబడి మనుషుల్ని చూడండి. కట్టె మీద ఒరిగినవాళ్లు, సంచి మోస్తూ నడిచేవాళ్లు, గొంతుక్కూర్చుని బేరం చేసేవాళ్లు. ఫోటో కావాలంటే అడిగి తీసుకోండి, వద్దంటే ఊరుకోండి. ఇంటికొచ్చాక గుర్తున్నంత వరకు ఒక్కో తీరుకు నల్లటి ఆకారాలు ఒక పేజీ నింపండి. వాటిలో ఒక్కదాన్నే గీతల దాకా తీసుకెళ్లండి.

నాలుగో పాఠంలో బట్ట మారుతుంది. గద్వాల చీరలో ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు, రెండూ కలిసే చోట మడత తీరే మారిపోతుంది. ఇంట్లో అమ్మదో అత్తదో ఉంటే కుర్చీ మీద వేలాడదీసి, కిటికీ వెలుగు పక్క నుంచి పడేలా ఒక ఫోటో తీసి పెట్టుకోండి.